అమెరికా నాటకరంగం: తొలి నాటకాన్ని నిర్ణయించేదెవరు?

అమెరికాలో ఆంగ్ల నాటక చరిత్ర ఒక కోర్టు రికార్డుతో మొదలవుతుంది. 1665లో వర్జీనియాలోని అకోమాక్ ప్రాంతంలో ముగ్గురు ‘ది బేర్ అండ్ ది కబ్’ అనే నాటకం ఆడారని ఒకరు ఫిర్యాదు చేశారు. వేసిన వేషాలతోనే హాజరై, పలికిన మాటల ప్రతిని సమర్పించమని న్యాయస్థానం ఆదేశించింది. చివరికి వారిని నిర్దోషులుగా తేల్చి, ఖర్చులు ఫిర్యాదుదారుపై మోపింది. నాటకం పాఠం నేడు లభ్యం కాదు. ఫిర్యాదే లేకపోతే ఆ ప్రదర్శన జరిగిందన్న సంగతి కూడా చరిత్రకు అందేది కాదు.

అయితే 1598లోనే ఒన్యాతె దండు రియో గ్రాండె ఒడ్డున స్పానిష్ నాటకం ఆడింది. అంతకు ఎంతో ముందునుంచీ ప్యూబ్లో ప్రజలకు వేషం, పాట, ఆట కలిసిన క్రతువులున్నాయి. వాటిని మతాచారాలంటూ పక్కన పెట్టే చరిత్రకారులే, గ్రీకు నాటకం డయొనైసస్ ఉత్సవాల్లో పుట్టిందని గర్వంగా చెబుతారు. కొలబద్ద ఒక్కటే అయితే తీర్పులు రెండెలా అవుతాయి?

అచ్చు కూడా ఇలాంటి తీర్పే చెప్పింది. రాయల్ టైలర్ రాసిన ‘ది కాంట్రాస్ట్’ను 1787లో న్యూయార్క్‌లో ప్రదర్శించారు. అది 1790లో అచ్చయింది, పాఠ్యగ్రంథాల్లోకి చేరింది. అదే నగరంలో 1821లో విలియం బ్రౌన్ నల్లజాతి నటులతో ఆఫ్రికన్ గ్రోవ్ రంగశాలను నడిపాడు. ఆ నటులు షేక్‌స్పియర్‌ను ప్రదర్శించి అరెస్టుల పాలయ్యారు. సెయింట్ విన్సెంట్ దీవి తిరుగుబాటుపై బ్రౌన్ రాసిన ‘కింగ్ షాటవే’ మాత్రం నేడు దొరకదు. పేరు నిలిచింది, మాట పోయింది.

తెలుగులో పరిస్థితి మరింత విచిత్రం. మన యక్షగానాలకు ప్రతులు లేకపోలేదు. తంజావూరు నాయకరాజుల కాలం నాటివి నేటికీ లభిస్తున్నాయి. అయినా తెలుగు నాటక ప్రదర్శన చరిత్రను తరచు 1880లో రాజమండ్రిలో వీరేశలింగం ఆడించిన ‘వ్యవహార ధర్మబోధిని’తోనే మొదలుపెడతారు. అక్కడ ప్రతి లేక నాటకం మరుగున పడితే, ఇక్కడ ప్రతి ఉండీ ‘నాటకం’ అన్న పేరుకు నోచుకోలేదు. పాశ్చాత్య రంగస్థలపు చట్రంలో ఇమడకపోవడమే దాని లోపమైంది.

కనుక ‘తొలి నాటకం ఏది?’ అని అడిగే ముందు ‘దేన్ని నాటకమన్నారు, ఎవరన్నారు?’ అని అడగాలి. అమెరికాలోని తెలుగు సంఘాల వేదికలపై ఒక్క సాయంత్రం ఆడి ముగిసే నాటికలకూ ఇది వర్తిస్తుంది. వాటిపై కోర్టుకెక్కేవారు ఎలాగూ లేరు. ఆడినవారే ప్రతిని దాచుకోకపోతే, రేపటి చరిత్రకారుడికి అకోమాక్ పాటి ఆధారమైనా మిగలదు.