ఆశ్రమవాసపర్వము – విరమణకాల సమస్య : ఒక పరిశీలనము

ఆంధ్ర మహాభారతమున విశ్వవిద్యాలయములు పాఠ్యములుగా గ్రహించు ఘట్టములు తరచు ఆది, సభా, విరాట, ఉద్యోగ పర్వములలోనివి. యుద్ధానంతర పర్వములను, అందును ఆశ్రమవాసపర్వమును, శ్రద్ధతో చదువువారు కొలదిమంది. కురుక్షేత్రము ముగిసినంతనే కథయు ముగిసినదను భావము ఇందులకు కారణము కావచ్చును. ఈ పర్వమున ప్రధానమైనది వైరాగ్యమని ఒక వాక్యమున చెప్పి ముందునకు సాగుట మన బోధనలో పరిపాటియైనది. ఆ మాట తప్పు కాదు, కాని చాలదు. అధికారము చేజారిన వృద్ధుడు ఎప్పుడు వెడలవలెను, వెడలునపుడు ఏమి అడుగవలెను, వెడలినపిదప ఎట్లు జీవింపవలెను అను మూడు ప్రశ్నలు ఈ పర్వమున స్పష్టముగా కలవు. వైరాగ్యమను ఒక్క మాటతో ఆ మూడింటిని కప్పివేయుట వలన తిక్కన రచనకును, మన అవగాహనకును నష్టము కలుగుచున్నదని నా అభిప్రాయము.

ఈ పరిశీలనకు ప్రేరణ గ్రంథాలయమున కలుగలేదు. వనపర్తి జిల్లా గోపాల్‌పేటలో, ఒకప్పటి సంస్థాన కేంద్రమైన ఆ ఊరిలో, నాకు పరిచితులైన ఒక తెలుగు ఉపాధ్యాయులు కలరు. ఆయన వయస్సు ఏబదితొమ్మిది దాటినది. నియమము ప్రకారము ఇంకను రెండేండ్లకు లోపు కాలము ఉద్యోగమున ఉండవచ్చును. తనకంటె చిన్నవాడైన ఒక సహోద్యోగి పదిమందిలో అన్న మాట మనసున నాటుకొని, ఆయన స్వచ్ఛంద విరమణ పత్రమును వ్రాసి జేబులో పెట్టుకొని తిరుగుచుండిరి. “ఇప్పుడే దిగిపోవుటయా, అరువదియొకటి వరకు ఆగుటయా? పెన్షనులో కొంత అమ్ముకొనుటయా, మొత్తము నెలనెలా తీసికొనుటయా? మీరు భారతము చదివినవారు గదా, చెప్పుడు” అని ఆయన నన్నడిగిరి. లెక్క అడుగువారు లెక్కల మాస్టరును గాక భారతము చదివినవానిని ఏల అడిగిరో నాకు మొదట బోధపడలేదు. తరువాత ఆశ్రమవాసపర్వము మరల చదువగా బోధపడినది.

ముందు లౌకికమైన లెక్కను చూతము. ఉద్యోగి ఏ వయస్సున దిగవలెనన్నది ప్రకృతి నియమము కాదు, ప్రభుత్వ నిర్ణయము. ఉమ్మడి ఆంధ్రప్రదేశమున 1983లో ఆ వయస్సును 58 నుండి 55కు తగ్గించిరి. కొలదికాలమునకే మరల 58 చేసిరి. విభజనానంతరము ఆంధ్రప్రదేశమున 2014లో 60, 2022లో 62 అయ్యెను. తెలంగాణమున 2021లో 61 చేసిరి. పాత పద్ధతి పెన్షనునకు అర్హులైనవారు 33 ఏండ్ల అర్హసేవ నిండిన, చివరి మూలవేతనములో సగమును పొందుదురు. ఇరువది ఏండ్ల అర్హసేవ గలవారు స్వచ్ఛందముగా విరమింపవచ్చును. పెన్షనులో నూటికి 40 వంతుల వరకు ప్రభుత్వమునకు విడిచి, బదులుగా ఒకేమారు మొత్తము తీసికొనవచ్చును. దీనినే కమ్యుటేషను అందురు. విడిచిన భాగము 15 ఏండ్ల పిదప మరల కలియును. దీనివలన భార్యకు తరువాత రాదగిన కుటుంబ పెన్షను తగ్గదు. నిజాము కాలమున ఈ ప్రాంతమువారు పెన్షనును వజీఫా యనెడివారు. ఊరి పెద్దల నోట ఆ మాట నేటికిని వినవచ్చును.

ఈ నియమములన్నియు తెలిసినను నిర్ణయము సులభము కాదు. ఏలయన ఇందులో తెలియని అంకె ఒకటి కలదు: తాను ఎన్నాళ్లు బ్రతుకును? ఆ అంకె తెలియనంతవరకు ఇది గణితము కాదు, స్వభావ పరీక్ష. స్వభావమును పరీక్షించుటలో కావ్యమునకు గల శక్తి పట్టికలకు లేదు.

విరమింప నొల్లని స్వభావమునకు భారతమున ప్రసిద్ధోదాహరణము యయాతి. నన్నయ ఆదిపర్వమున ఈ కథ కలదు. శుక్రశాపముచే ముదిమి పొందిన యయాతి, తన ముదిమిని కొడుకుల కిచ్చి వారి యౌవనమును కోరును. యదువు మొదలైన నలువురు నిరాకరింతురు. కడగొట్టువాడైన పూరువు అంగీకరించును. వేయేండ్లు భోగములనుభవించిన పిదప, అనుభవమువలన కోరిక తీరదని గ్రహించి, యయాతి యౌవనమును కొడుకునకు తిరిగి యిచ్చి, రాజ్యమును కట్టి, వనమునకు పోవును. సామాన్యముగా ఈ కథను కామోపశమమునకు దృష్టాంతముగా చెప్పుదురు. నేను వేరొక అంశమును చూపగోరుచున్నాను. యయాతి గడుపుకొన్న వేయేండ్లు ఎవరివి? అవి పూరునివి. పెద్దవాడు పొడిగించుకొన్న ప్రతి యేడును ఒక చిన్నవాని లెక్కలో తరుగుగా పడినది. 2021లో వయఃపరిమితి పెరిగిన పిమ్మట 2024 వరకు వయోవిరమణలు ఇంచుమించు నిలిచిపోయినపుడు, నియామకములకై ఎదురుచూచిన యువకుల మాటలో ఈ పూరుని గొంతే వినవచ్చినది. కాని న్యాయముగా మరొక మాటయు చెప్పవలెను. యయాతి కోరి తీసికొనెను. ఉద్యోగి శాసనమిచ్చినదానిని తీసికొనుచున్నాడు. కావున దోషమును వ్యక్తిపై మోపుట తగదు. వ్యక్తికి మిగిలిన ప్రశ్న ఒక్కటే: మిగిలిన యేండ్లు పనికై కోరుచున్నానా, పదవికై కోరుచున్నానా?

ఇక ధృతరాష్ట్రుడు. యుద్ధానంతరము ఆతడు ధర్మరాజు ఏలుబడిలో పదునైదేండ్లు ఉండెను. ధర్మరాజు ఆతనికి ఏ లోపమును రానీయలేదు. పెదతండ్రి మనసు నొచ్చు మాట ఎవరును అనరాదని తమ్ములను శాసించెను. భీముడు మాత్రము అన్న చూపునకు మరుగున, ధృతరాష్ట్ర గాంధారులకు వినబడునట్లు, వారి కొడుకులను కూల్చిన తన బాహువులను పొగడుకొనెను. ఆ మాటతో వృద్ధుడు వనవాసమునకు నిశ్చయించుకొనెను. ఇచట గమనింపదగిన విషయము: పదునైదేండ్లు రాని వైరాగ్యము ఒక మాటతో వచ్చినది. వ్యాసుడు వచ్చి చెప్పువరకు ధర్మరాజు అనుమతింపడు. కవి ఈ ప్రయాణమును వైరాగ్యముతో ముగించెనే కాని, వైరాగ్యముతో ప్రారంభింపలేదు. ప్రారంభము అవమానము. అవమానముచే తీసికొన్న నిర్ణయమును వివేకముచే తీసికొన్న నిర్ణయముగా మార్చుకొనుటకు ధృతరాష్ట్రునకు కొంత కాలము పట్టినది. ఆ కాలమున ఆతడేమి చేసెనో చూచుటయే ఈ పర్వ పఠనమున ముఖ్యము.

ఆతడు వెంటనే వెడలిపోలేదు. మొదట ధర్మరాజునకు రాజనీతిని ఉపదేశించెను. అనగా తన అనుభవమును అప్పగించెను. పిదప పౌరులను పిలిపించి, తన తప్పులను ఒప్పుకొని, సెలవు వేడెను. తరువాత విదురుని పంపి, భీష్మ ద్రోణాదులకును తన కొడుకులకును శ్రాద్ధములు చేయుటకు ధనమడిగెను. నేటి కార్యాలయ భాషలో చెప్పిన, బాధ్యతల అప్పగింత, వీడ్కోలు, బకాయిల విన్నపము. ఈ క్రమము యాదృచ్ఛికము కాదు. ఇయ్యవలసినది ఇచ్చిన పిదపనే తనకు రావలసినదానిని ఆతడు అడిగెను.

ఆ విన్నపముపై నడచిన వాదము ఈ పర్వమునకు కీలకమని నా తలపు. ధర్మరాజార్జునులు సంతోషముతో అంగీకరించిరి. భీముడు అంగీకరింపలేదు. భీష్మాదులకు తామే శ్రాద్ధములు చేయుదుమనియు, దుర్యోధనాదులకై ధనమీయరాదనియు ఆతని వాదము. తాము అడవుల పాలైననాడు ఈ పెదతండ్రి ప్రేమ ఎచట నుండెనని అడిగెను. భీముని ఈ మాటను కేవలము క్రోధముగా కొట్టివేయుట విమర్శ కాదు. కష్టపడి నిలిపిన బొక్కసముపై, కష్టపడనివానికి హక్కేమి అను ప్రశ్న అందున్నది. అర్జునుడు కాలము తలక్రిందులైన తీరును గుర్తుచేసెను: నాడు ఎవని నడిగితిమో నేడు ఆతడు మనల నడుగుచున్నాడు. ధర్మరాజు భీముని వారించి, తనదియు అర్జునునిదియు నైన ధనము ఆతనిదేయని విదురునితో చెప్పి పంపెను. వివాదము తీరినది, ధృతరాష్ట్రుడు దానములు చేసి వెడలెను.

కాని ధర్మరాజు చూపిన పరిష్కారమున ఒక లోపము కలదు. ఆతడు భీముని ప్రశ్నకు సమాధానము చెప్పలేదు. తన సొంత ధనమునుండి ఇచ్చి ప్రశ్నను తప్పించెను. అందుచే వృద్ధునకు లభించినది హక్కు కాదు, కొడుకువరుసవాని దయ. దయ గొప్పదే, ఐనను దయామయుడు లేనిచోట వృద్ధుని గతియేమి? ఈ ప్రశ్నకు మన దేశమున స్పష్టమైన సమాధానము 1982 డిసెంబరు 17న వచ్చినది. డి. ఎస్. నకారా కేసులో సుప్రీంకోర్టు, పెన్షను ప్రభువుల దయాదానము కాదనియు, చేసిన సేవకు ఫలముగా వచ్చు హక్కనియు నిర్ణయించినది. ఆ తేదీనే నేటికిని పెన్షనర్ల దినముగా జరుపుకొందురు. కమ్యుటేషను చేసిన భాగమును 15 ఏండ్ల పిదప పునరుద్ధరించు విషయమును సైతము అదే న్యాయస్థానము 1986లో నిర్ణయించినది. ఐనను హక్కు కాగితముపై ఉండుట వేరు, చేతికందుట వేరు. తెలంగాణమున 2024 మార్చి తరువాత విరమించినవారిలో ఎందరో గ్రాట్యుటీ మొదలైన బకాయిలకై హైకోర్టు నాశ్రయింపవలసివచ్చెను. విదురుని పంపిన ధృతరాష్ట్రుని నిరీక్షణ వారికి క్రొత్త కాదు.

ఈ పోలికకు హద్దు కలదని ఒప్పుకొనవలెను. ధృతరాష్ట్రుడు సేవ చేసి సంపాదించినవాడు కాడు, పుత్రమోహముచే చెరచినవాడు. ఆతని విన్నపమునకు ఆధారము బంధుత్వము. ఉద్యోగి విన్నపమునకు ఆధారము సేవ. కావున భీముని ప్రశ్న ధృతరాష్ట్రునకు తగిలినట్లు గోపాల్‌పేట ఉపాధ్యాయునకు తగులదు. కావ్యమును జీవితమునకు అన్వయించునపుడు పోలికతోపాటు భేదమును చూపకున్న, అది విమర్శ గాక ఉపన్యాసమగును.

మూడవ ప్రశ్న, వెడలినపిదప జీవనము. ధృతరాష్ట్రుడు ఒంటరిగా పోలేదు. గాంధారి, కుంతి, విదురుడు, సంజయుడు వెంట నడచిరి. కొడుకులు గెలిచి సింహాసనమున నున్న కుంతి, వారెంత వేడినను వినక, పోవుట ఈ పర్వమున మిక్కిలి గంభీరమైన ఘట్టము. విరమణ ఒక్కని నిర్ణయముగా కనబడును గాని, దాని ఫలమును అనుభవించునది కుటుంబము. ఇల్లాలితో చెప్పక పత్రమును జేబులో పెట్టుకొనువారు ఈ ఘట్టమును చదువవలెను.

మన సారస్వత చరిత్రలోను విరమణానంతర జీవితమునకు నిదర్శనములు కలవు. గిడుగు వేంకట రామమూర్తి పర్లాకిమిడిలో దీర్ఘకాలము బోధించి 1911లో విరమించెను. వ్యావహారిక భాషకై ఆయన ఊరూర తిరిగి చేసిన వాదములు, 1919లో స్థాపించిన ‘తెలుగు’ పత్రిక ఆ తరువాతివే. 1940 వరకు జీవించిన ఆయనకు విరమణానంతరమున దాదాపు ముప్పది యేండ్లు లభించినవి. గురజాడ అప్పారావు 1913లో విరమించి 1915లో కీర్తిశేషుడయ్యెను. ఒకరికి ముప్పది, ఒకరికి రెండు. ఏ పట్టికయు ముందుగా ఈ భేదమును చెప్పజాలదు. సి. పి. బ్రౌను 1855లో స్వదేశము చేరి, పిదప లండను విశ్వవిద్యాలయమున తెలుగు ఆచార్యుడై, 1884 వరకు జీవించెను. గిడుగువారికిని బ్రౌనునకును సమానమైన అంశమొకటి కలదు. వారికి ఉద్యోగమొకటి, పని యొకటి. ఉద్యోగము ముగిసినను పని ముగియలేదు. ఉద్యోగమే పనియైనవానికి విరమణ శూన్యము. పని వేరుగా నున్నవానికి అది తీరిక.

ఈ వ్యాసకర్తకు ఈ విషయమున స్వార్థము లేకపోలేదు. నేను 2004 సెప్టెంబరు 1 తరువాత ఉద్యోగమున చేరినవాడను. ఆ తేదీ తరువాత చేరినవారికి పాత పెన్షను లేదు. వేతనమున నూటికి పదివంతులు నెలనెలా నిధికి జమయగును, ఆ నిధి పెరుగుదలపై భవిష్యత్తు ఆధారపడును. మా పెద్దల ప్రశ్న ‘ఎప్పుడు’ అనునది. మా ప్రశ్న ‘ఎంత’ అనునది. హక్కు మరల అదృష్టముగా మారుచున్నదా అను సందేహముతో భీముని ప్రశ్నను నేను చదువుచున్నాను. మా తరమువారు ఈ పర్వమును పాఠ్యేతరమని వదలుట అందుచేతనే యుక్తము కాదు.

గోపాల్‌పేట ఉపాధ్యాయులకు నేను చెప్పిన మాటలు మూడు. మాట పడినందుకు దిగవలదు. అది ధృతరాష్ట్రుని తొలి తొందర. పదవి పోవునను భయముతో ఆగవలదు. అది యయాతి ఆశ. కూతురి పెండ్లి, ఇంటి అప్పు వంటి తెలిసిన అవసరమున్న ఆ మేరకే పెన్షను అమ్మవలెను. తెలియని ఆయుస్సుతో జూదమాడుటకు కాదు. ఆయన కొంతసేపు ఊరకుండి, పత్రమును చింపలేదు, సమర్పింపనులేదు. ఇంటికి పోయి భార్యకు చూపిరి. ఆమె మొదట అడిగినది డబ్బును గూర్చి కాదట. “దిగిన మరునాడు ఉదయము పది గంటలకు మీరు ఏమి చేయుదురు?” అని అడిగినదట. ఆ ప్రశ్నకు ఆయన ఇంకను సమాధానము వెదకుచున్నారు. ఆ సమాధానము దొరకిననాడు విరమణ తేదీ దానంతట అదియే తేలునని నా విశ్వాసము.