తోటలోని అడుగురాళ్లు

ఫ్రాన్సు దేశమందలి షార్ట్రు నగరమున శ్మశానవాటిక నూడ్చి బ్రదికిన రేమోఁ ఇసిదోరు, దారిప్రక్కల పాఱవేసిన పింగాణీ పెంకుల నేఱి తెచ్చి సిమెంటులో పొదిగి, ఇంటి గోడలతో తృప్తి చెందక తన మంచమును, కుట్టుయంత్రమును సైతము చిత్రమయము గావించెను. చండీగఢమున రోడ్ల తనిఖీ కొలువు చేసిన నేక్‌చంద్, పగలు ఉద్యోగమును రాత్రి రహస్యశిల్పమునుగా ఏండ్ల తరబడి శ్రమించి, విరిగిన గాజులతో, చితికిన పింగాణీతో సృష్టించిన శిలావనము 1976లో ప్రజలకు తెఱవబడెను. శిల్పశాల గడప త్రొక్కని ఈ మహనీయులు చేపట్టిన విద్యయే, మన పెరటిలో ఒక అడుగురాతిని పోయుటతో ఆరంభమగుచున్నది.

సిమెంటు చరిత్ర నిచట విస్తరింప నక్కఱలేదు. 1867లో ఇనుపతీగెలు పొదిగిన సిమెంటు పూలతొట్లకు పేటెంటు పొందిన జోసెఫ్ మోనియే ఒక తోటమాలి యని చెప్పిన చాలును.

సిమెంటొక పాలు, ఇసుక రెండు పాళ్లు, సన్నని చిప్స్ మూడు పాళ్లు కలిపి, పిడికిలి బిగించినపుడు ముద్దగా నిలిచి వ్రేళ్లనడుమ నీరు కాఱకుండునంత తడి మాత్రమే చేర్చి, నూనె పూసిన పాతబేసినులో రెండంగుళములకు తగ్గని మందమున పోసి, లోని గాలిబుడగలు పైకి వచ్చువఱకు అంచులను తట్టవలెను. అంతట చేమ ఆకును, ఈనెలు తేలిన అడుగువైపు క్రిందికి వచ్చునట్లు పఱచి, తాపీతో మెల్లగా అదిమి, కాంక్రీటు బిగిసిన పిమ్మట తొడిమ పట్టి యొలిచినచో, నరనరమును రాతిపై నిలిచియుండును. ఆహా, ఏ ఉలికి సాధ్యమా సూక్ష్మరేఖ!

అయినను నా పక్షపాత మంతయు పెంకుల పనిమీదనే. బంకకాగితముపై పెంకులను మొగము క్రిందుగా అంటించి, అచ్చు అడుగున పఱచి, పైని కాంక్రీటు పోయు పద్ధతియందు, కుడి యెడమయై, బొమ్మ కంటి కగపడకుండగనే కూర్పబడవలెను. అచ్చు తిరుగవేసి కాగిత మొలిచినపుడు, పాదమునకు గ్రుచ్చుకొనని సమతలమున చుక్కల ముగ్గు మెలిక తప్పక వెలువడినచో, ఆ చేతికి నమస్కరింపక యుండలేము.

సిమెంటు ఎండి గట్టిపడునను అపోహ పెక్కురాళ్లను పాడుచేసినది. అది నీటితో సంయోగము చెంది గట్టిపడును. కావున అచ్చునుండి తీసిన రాతిని తడిగోనెలో చుట్టి కనీసము ఏడుదినములు ఆఱనీయరాదు. తడిసిమెంటు చర్మమును కాల్చును గనుక చేతులకు రబ్బరు తొడుగులు తప్పనిసరి.

ఇంత సులభమైన విద్య చేతిలో నుండగా, అంగళ్లలో నేడు అమ్ముడుపోవుచున్న దేమి? రబ్బరు అచ్చులలో వందలకొలది పోసి, నీరు త్రాగింపకయే యెండగట్టి, రంగును కాంక్రీటులో కలుపక పైపైన పులిమిన పలకలు! వానలు ముగియక మునుపే రంగూడును, అంచు పొడియై రాలును. ప్రతి పలకమీదను అదే ఆకు, ఆ ఆకున అదే పురుగు తొలిచిన రంధ్రము! ప్రకృతి యే రెండాకులను ఒకేరీతిగా చేయదే, దానిపేర ఈ మోసమేల? వేకువనే వాకిట గీత వంకరపోకుండ ముగ్గు తీర్పగల తల్లులుగల యిండ్లకే ఈ సరకు బండ్లమీద వచ్చుచుండుట చూడ నా మనస్సు మండుచున్నది. చేతిలోని కళను మఱచి చేవలేని పలకకు వెల యిచ్చుట కంటె అవమానము వేఱొండు లేదు.

పాఠకులారా, ఇంట పింగాణీకప్పు పగిలిననాడు పెంకులను చెత్తకుప్పకు పంపక దాచుడు. పొరుగు తాపీమేస్త్రినడిగి పాళ్లు కలుపుట నేర్చుకొనుడు. ఈ వేసవిలోనే ఒక్క రాతినైనను మీ చేతులతో పోసి, ఇసుక పఱచిన గుంటలో నేలకు సమముగ కుదుర్పుడు. అంగడి పలకను మాత్రము గుమ్మము దాటి లోనికి రానీయకుడు.