ఉండిపోవడమంతా విశ్వాసమేనా?

ఆల్బర్ట్ హిర్ష్‌మన్ 1970లో ప్రచురించిన ‘ఎగ్జిట్, వాయిస్ అండ్ లాయల్టీ’ చిన్న పుస్తకమే. అర్థశాస్త్రమంటే జంకే నాలాంటివాళ్ళనూ చదివించింది. ఒక సంస్థ దిగజారుతుంటే అందులోని మనిషికి రెండు దారులంటారాయన: వెళ్ళిపోవడం, లేదా నోరు విప్పడం. సంస్థ మీద విశ్వాసం ఉన్నవాడు వెళ్ళడాన్ని వాయిదా వేసి, చెప్పి చూస్తాడు. నాణ్యతను బాగా పట్టించుకునేవాళ్ళే ముందుగా వెళ్ళిపోతే, గట్టిగా చెప్పగలిగిన గొంతులే ముందు కరువవుతాయి.

సాఫ్ట్‌వేర్ కంపెనీలో పనిచేసినవాళ్ళకి ఇది తెలిసిన కథే. అర్ధరాత్రి ఫోన్లు, పని ఒకరిది పేరు మరొకరిది అయ్యే మీటింగులు ఎక్కువైన చోట మొదట కదిలేది పనిమంతుడే. 2022 మార్చితో ముగిసిన త్రైమాసికానికి ఇన్ఫోసిస్ ప్రకటించిన వలసల రేటు 27.7 శాతం. అప్పుడు బయట గిరాకీ ఉంది, తలుపులు తెరిచి ఉన్నాయి.

మరి తలుపు మూసి ఉంటే? ఇక్కడే హిర్ష్‌మన్‌తో నాకు పేచీ. నేనుండే ఖురియాత్ మస్కట్ గవర్నరేట్‌లోని చేపల రేవు ఊరు. మస్కట్‌లో ఐటీ ఉద్యోగాలు చేసే మనవాళ్ళు శుక్రవారం భోజనాలకి కలిస్తే, ఒకప్పుడు కూరల కంటే ముందు వడ్డించే మాట ఎన్‌ఓసీ. అది లేకుండా వెళ్ళినవాళ్ళు రెండేళ్ళదాకా తిరిగి రాకూడదన్న నిబంధనను 2014లో ఒమాన్ మళ్ళీ తెచ్చింది. 2021 జనవరి 1 నుంచి, ఒప్పందం ముగిసినవాళ్ళు ఆ కాగితం లేకుండానే కొత్త యజమాని దగ్గర చేరవచ్చు. అంతకుముందు ఒకేచోట ఏళ్ళ తరబడి ఉన్నవాళ్ళలో ఎవరిది విశ్వాసం, ఎవరిది నిస్సహాయత? హాజరుపట్టీ చూస్తే రెండూ ఒకటే.

అమెరికాలోని మనవాళ్ళ సంగతీ ఇంతకంటే మరీ వేరు కాదు. హెచ్-1బీ మీద యజమానిని మార్చుకోవడం 2000 నాటి చట్టంతో సులువైంది. కానీ ఏ దేశానికైనా ఏటా 7 శాతమే అన్న పరిమితి వల్ల గ్రీన్‌కార్డు వరుస భారతీయులకి ఏళ్ళ తరబడి సాగుతోంది. ఉద్యోగం పోతే మహా అయితే 60 రోజుల గడువు. పిల్లల బడి, ఇంటి అప్పు తలచుకుంటే అన్యాయం ఎదురుగా కనిపించినా గొంతు పెగలదు.

వెళ్ళిపోగలడన్న భయం పైవాళ్ళకి ఉన్నప్పుడే మాటకి బలమని ఈ పుస్తకమే చెబుతుంది. అంటే కాళ్ళు కట్టేస్తే నోరూ కట్టేసినట్టే. ఈ మౌనానికి ‘లాయల్టీ’ అన్న పేరు సరిపోదు. 1933లో బెర్లిన్ విడిచి వెళ్ళిన హిర్ష్‌మన్‌కి వలస బాధ తెలియనిది కాదు. అయినా మన గుమ్మంలో ఆయన మూడు మాటలకి నాలుగోది ఒకటి కావాలి: చిక్కుబడిపోవడం.

దీన్ని ఇంత పట్టించుకోవడానికి కారణం ఉంది. మనలో చాలామంది ఇప్పుడు మేనేజర్లు. ‘నా టీమ్‌లో అయిదేళ్ళుగా ఒక్కరూ మానలేదు’ అని గర్వంగా చెప్పుకుంటాం. ఆ లెక్క పని సంస్కృతిది కావచ్చు, వీసాది కావచ్చు. తేడా తెలియాలంటే లెక్కలు చూడక్కర్లేదు. గత ఏడాదిలో మన కింద పనిచేసేవాళ్ళు ఎన్నిసార్లు మనతో ‘ఇది తప్పండీ’ అన్నారో గుర్తు తెచ్చుకుంటే చాలు. ఒక్కసారీ గుర్తుకు రాకపోతే, వాళ్ళు ఉన్నది మన మంచితనం వల్ల కాకపోవచ్చు.