టెంబుసు చెట్టుకు స్వీడన్ ఇంటిపేరు

సింగపూర్ బొటానిక్ గార్డెన్స్ పచ్చికలో ఒక ముసలి టెంబుసు చెట్టుంది. 1859లో తోట పెట్టేనాటికే అది అక్కడ ఉంది. కింది కొమ్మ ఒకటి నేలకు సమాంతరంగా చాచుకుని సాగి, చివర్లో పైకి లేస్తుంది. ఐదు డాలర్ల నోటు వెనక ఉన్న బొమ్మ దీనిదే. వృక్షశాస్త్రజ్ఞులు చాలాకాలం దీన్ని ఫాగ్రేయా ఫ్రాగ్రాన్స్ అన్నారు. మొదటి మాట ఒక స్వీడన్ వైద్యుడి ఇంటిపేరు. చెట్టుకు దాన్ని అతికిన పనితనం చూడాల్సిందే.

పాతకాలపు స్వీడన్‌లో సామాన్యులకు ఇంటిపేర్లు లేవు. తండ్రి పేరుకు ‘సన్’ తగిలిస్తే సరిపోయేది. చదువుకుని పాదిరీలయ్యేవాళ్లు మాత్రం లాటిన్ పోకడలో ఓ పేరు తయారుచేసుకునేవారు. నీల్స్ ఇంగెమార్సన్ అనే రైతుబిడ్డ యూనివర్సిటీలో చేరుతూ, తమవాళ్ల పొలంలోని లిండ్ చెట్టు పేరు మీద లినేయస్ అయ్యాడు. అదే చెట్టు లాటిన్ పేరుతో ఆయన బంధువులు టిలియాండర్‌లయ్యారు. తుమ్మలవారూ నేరెళ్లవారూ ఉన్న మనకిది వింతేం కాదు. ఆ నీల్స్ కొడుకే మొక్కలకు రెండు మాటల పేర్లు స్థిరపరిచిన కార్ల్ లినేయస్.

కార్ల్ శిష్యుల్లో యోనాస్ తియోడోర్ ఫాగ్రేయస్ ఒకడు, కార్ల్ పీటర్ తున్‌బెర్గ్ మరొకడు. 1782లో తున్‌బెర్గ్ ఒక కొత్త ప్రజాతికి ఫాగ్రేయస్ పేరు పెట్టాడు. చేసిందల్లా చివరి ‘అస్’ ఊడదీసి ‘ఆ’ చేర్చడమే. పుంలింగం స్త్రీలింగమైంది, వైద్యుడు మొక్కయ్యాడు, అతుకు మాత్రం కనపడదు. కంసాలి టాంకా వేసినంత నున్నగా ఉంటుంది.

‘ఫ్రాగ్రాన్స్’ అన్నది విలియం రాక్స్‌బర్గ్ చలవ. మన సామర్లకోటలో ఏళ్ల తరబడి తోట పెంచి, కోరమండల్ మొక్కల బొమ్మలు గీయించిన డాక్టరు. ఆ మాటకు అర్థం పరిమళించేదని. సాయంత్రం విచ్చే మీగడరంగు పూల కింద నిలబడితే మరో పేరు తట్టదు.

2012లో సింగపూర్ తోటవాళ్ల పత్రికలోనే ఫాగ్రేయా ప్రజాతిని విడగొట్టారు. టెంబుసు ఇప్పుడు సిర్టోఫిల్లమ్ ఫ్రాగ్రాన్స్. పరిమళం మిగిలింది, ఫాగ్రేయస్ జారిపోయాడు. శాస్త్రం దృష్టిలో న్యాయమే కావచ్చు. పాత పేరులోని అనుప్రాస పోవడం మాత్రం నాకు మింగుడుపడదు. తున్‌బెర్గ్ మొట్టమొదట పేరు పెట్టిన సింహళపు మొక్క ఫాగ్రేయా సెయిలానికాను ఎవరూ కదిలించలేదు. అదే ఇంటిపేరుతో సింగపూర్‌లోనూ పెరుగుతోంది.