స్తంభం మొదలు చూడండి

క్యోటో వెళ్లినవాళ్లంతా కియోమిజు ఆలయానికి వెళ్తారు. కొండ అంచు నుంచి లోయ మీదికి చొచ్చుకొచ్చిన చెక్క వేదిక మీద నిలబడి ఊరినీ చెర్రీ చెట్లనూ చూస్తారు. ఆ ఆలయంలోని గొప్ప పనితనం మాత్రం వాళ్ల కాళ్ల కిందే ఉంది. మెట్లు దిగి కింది దారిలోకి వెళ్లి తలెత్తితే కనిపిస్తుంది. సుమారు 13 మీటర్ల ఎత్తున ఉన్న వేదికను 18 కెయాకి కలప స్తంభాలు మోస్తున్నాయి. ఇప్పుడున్న ప్రధాన మందిరం 1633లో తిరిగి కట్టింది. ప్రతి స్తంభానికీ ఈ పక్క నుంచి ఆ పక్కకు కన్నాలు తొలిచి, వాటిలోంచి దళసరి పట్టెలు దూర్చి, మిగిలిన సందుల్లో చెక్క చీలలు కొట్టి బిగించారు. ఆ చట్రాన్ని నిలబెట్టడానికి ఇనప మేకులు వాడలేదు. భూమి కంపిస్తే ప్రతి అతుకూ రవ్వంత కదిలి, ఆ ఊపును తలా కొంచెం పంచుకుంటుంది. స్తంభాల్లోంచి బయటికి పొడుచుకొచ్చిన పట్టెల చివర్లను చూడండి. ఒక్కొక్క దాని మీదా చిన్న వాలు పలక కప్పి ఉంటుంది. కలప నీళ్లు ఎక్కువగా పీల్చేది కోసిన చివర నుంచే కాబట్టి, అక్కడికి వాన చేరకుండా ఆ ఏర్పాటు. యాత్రికుల కంట పడని చోట కూడా అంత శ్రద్ధ పెట్టారు.

కిందికి దిగి చూడమని నాకు చెప్పింది, అక్కడ చదువుకునే రోజుల్లో నన్ను తమ ఇంట్లో పెట్టుకున్న కుటుంబం. నిషిజిన్ నేతపని పేటలో వాళ్లది పాతకాలపు మచియా ఇల్లు. వీధి వైపు సన్నగా, లోపలికి చాలా పొడుగ్గా ఉంటుంది. వెలుతురూ గాలీ ఆడటానికి నడుమ చిన్న పెరడు. గోడలంటే వెదురు దడి అల్లి దానికి మట్టి మెత్తినవి. స్తంభాలను నేలలో పాతలేదు. చదునైన రాళ్ల మీద నిలబెట్టారు, అంతే. తలుపులకు బందుల్లేవు. గాడిలో జారే తలుపును కాస్త పైకెత్తి అడుగు భాగాన్ని బయటికి లాగితే ఊడి చేతిలోకి వస్తుంది. జూన్ నెలలో ఇంటిల్లిపాదీ కలిసి కాగితం తలుపులన్నీ తీసేసి, వాటి స్థానంలో రెల్లు పుల్లల తలుపులు పెట్టారు. నేనూ ఒక చెయ్యి వేశాను. ఇల్లంతా ఒక్క పూటలో వేసవి ఇల్లయిపోయింది. ఆ ఇంట్లో దేన్ని బిగించినా మళ్లీ విప్పడానికి వీలుగానే బిగించారని నాకు అర్థమైంది ఆ తలుపులు మోస్తున్నప్పుడే. తర్వాత ఆ ప్రాంతంలో చూసిన ప్రతి ఆలయాన్నీ ఆ ఎరుకతోనే చూశాను.

ఇంటి పెద్దాయన వడ్రంగి కాదు, నేత వ్యాపారం చేసి విశ్రాంతి తీసుకున్న మనిషి. ఇంట్లో అందరితోపాటు నేనూ ఆయన్ని ఒజీసాన్ (తాతగారు) అని పిలిచేవాణ్ణి. ఒకరోజు వంటగది పక్క స్తంభం దగ్గర నన్ను కూర్చోబెట్టి మోకాలి ఎత్తు వరకు చూడమన్నారు. పైభాగం పొగచూరి నల్లబడిన పాత కలప, అడుగు భాగం దానికంటే లేత రంగు కొత్త కలప. స్తంభం మొదలు చెమ్మకు పుచ్చిపోతే వడ్రంగి ఇంటిని జాకీల మీద కొద్దిగా పైకి లేపి, పుచ్చినంత మేర కోసేసి, కొత్త ముక్క అతికాడట. దీన్ని వాళ్లు నెత్సుగి అంటారు. అతికిన తీరు చూడాలి. పై ముక్క చివరనూ కింది ముక్క చివరనూ ఒకే ఆకారంలో మెట్లు మెట్లుగా చెక్కుతారు. రెంటినీ పక్క నుంచి ఒకదానిలోకి ఒకటి చేరిస్తే మధ్యలో చదరపు కన్నం మిగులుతుంది. అందులోకి గట్టి చెక్క చీల ఒకటి కొడితే, అది లోపలికి పోయేకొద్దీ రెండు ముక్కలూ ఎడం కాలేకుండా బిగుసుకుంటాయి. జిగురు లేదు, మేకు లేదు. రేపు ఆ ముక్క కూడా పాడైతే చీల వెనక్కి కొట్టి దాన్ని ఊడదీయవచ్చు.

అప్పటి నుంచి నేను ఊళ్లు తిరిగి ఇంటికొచ్చినప్పుడల్లా భోజనాల దగ్గర ఆయన అడిగే మొదటి ప్రశ్న అదే. "గుడి చూశావు సరే, స్తంభం మొదలు చూశావా?"

ఆ ప్రశ్నకు సరైన జవాబు హోర్యూజీలో దొరుకుతుంది. నారా నగరానికి నైరుతిన, చిన్న రైల్వే స్టేషన్ నుంచి నడిచి వెళ్లే దూరంలో ఉంది ఆ ఆరామం. 607లో కట్టించిన మొదటి ఆలయం 670లో కాలిపోయిందని పాత చరిత్ర గ్రంథం చెబుతుంది. తిరిగి కట్టిన స్వర్ణమందిరం, అయిదంతస్తుల గోపురం ప్రపంచంలో ఇప్పటికీ నిలిచి ఉన్న చెక్క కట్టడాలన్నిటిలో పాతవి. గోపురం నడిమి స్తంభం కోసం చెట్టు కొట్టింది 594లో అని వార్షిక వలయాల లెక్క తేల్చింది. ఆ నడిమి స్తంభం అంతస్తుల బరువు మోయదు. చుట్టూ ఉన్న అయిదు కప్పులూ ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు నిలబడితే, అది వాటి మధ్య నుంచి పైకి సాగి శిఖరాన్ని మాత్రం మోస్తుంది. 2012లో టోక్యోలో తెరిచిన 634 మీటర్ల స్కైట్రీలో కంపాలను అణచడానికి పెట్టిన నడిమి స్తంభానికి ఇంజనీర్లు పేరు తీసుకున్నది ఈ గోపురాల నుంచే.

హోర్యూజీ కట్టే కాలానికి జపాన్‌లో నిలువుకోత రంపం లేదు. పెద్ద హినోకి మానును చీలలతో నాలుగుగా చీల్చి, నడిమి దవ్వను వదిలి, ఒక్కో పాయ నుంచి ఒక్కో స్తంభం చెక్కారు. చీలిక కలప ఈనె వెంటే సాగుతుంది కాబట్టి ఈనెలు తెగవు. రంపం అయితే తన గీత వెంట పోయి, అడ్డొచ్చిన ఈనెలను కోసేస్తుంది. ఈ ఒక్క తేడా వల్లే ఆ స్తంభాలు 1300 ఏళ్లు నిలిచాయని నేననను. కానీ ఆ పనివాళ్లు కలప మాట విని పని చేశారన్నది వాటిని తాకితే తెలుస్తుంది. నడుమ కొద్దిగా ఉబ్బి, పైకి పోయేకొద్దీ సన్నబడే వాటి మొదళ్ల దగ్గర వంగి చూశాను. ఏ శతాబ్దంలో ఎవరు అతికారో తెలియని కొత్త ముక్కలు అక్కడా ఉన్నాయి. నిషిజిన్ వంటగదిలో చూసిన పనే అది, ఇంకా పెద్ద ఎత్తున.

ఈ పనితనం మన కాలం దాకా చేరడంలో నిషియోకా త్సునెకాజు పాత్ర చాలా ఉంది. 1908లో పుట్టి 1995లో పోయిన ఆయన హోర్యూజీ వడ్రంగుల వంశంవాడు. కలప కన్నా ముందు నేల తెలియాలని తాత ఆయన్ని వ్యవసాయ పాఠశాలకు పంపాడు. 1934లో మొదలై దశాబ్దాల పాటు సాగిన హోర్యూజీ మరమ్మతులో ఆయన పనిచేశాడు. కట్టడాలను ముక్క ముక్కగా విప్పి, ప్రతి ముక్కనూ పరీక్షించి, తిరిగి నిలబెట్టిన పని అది. ఆ మధ్యలోనే 1949 జనవరి 26న స్వర్ణమందిరంలో నిప్పంటుకుని గోడచిత్రాలు మాడిపోయాయి. మరుసటి ఏడాది వచ్చిన సాంస్కృతిక సంపద పరిరక్షణ చట్టానికి ఆ ప్రమాదమే కారణం. పాత చెక్కకు చిత్రిక పడితే హినోకి వాసన ఇప్పటికీ వస్తుందనీ, కప్పు బరువు దించగానే వాసాలు మెల్లగా పైకి లేచాయనీ నిషియోకా చెప్పేవాడు. కొండ దక్షిణపు వాలున పెరిగిన చెట్టును కట్టడంలో దక్షిణం వైపునే వాడాలన్నది ఆయన పాటించిన నియమం. మరుగునపడిన ఈటె ఆకారపు చిత్రికను పాత పనిముట్టు నమూనాగా కమ్మరి చేత మళ్లీ చేయించింది కూడా ఆయనే. దానితో గీసిన చెక్క అద్దంలా నున్నగా ఉండదు. చిన్న చిన్న అలలతో ఉంటుంది. వేలితో తడిమితే తప్ప ఆ అందం తెలియదు.

నారాలోనే ఉన్న యాకుషిజీ ఆలయంలో ఆయన పనిని విడిగా చూడవచ్చు. తూర్పు గోపురం ఎనిమిదో శతాబ్దం నాటిది, పడమటి గోపురం ఆయన నడిపించగా 1981లో పూర్తయింది. కొత్తదాన్ని పాతదాని కన్నా సుమారు 30 సెంటీమీటర్లు ఎత్తుగా కట్టాడు. కలప ఎండి కుదించుకుని, బరువుకు దిగి, కొన్ని శతాబ్దాల తర్వాత రెండూ సమానమవుతాయని ఆయన లెక్క. తాను చూడలేని కాలానికి కొలత వేసి కట్టిన ఈ గోపురం ముందు నేను చాలాసేపు నిలబడిపోయాను. ఈ యాత్రలన్నిటిలో నాకు అన్నిటికన్నా నచ్చిన పని ఇదే.

నారాలోనే ఉన్న తోదాయిజీ ఆలయం సంగతి వేరు. అక్కడి మహాబుద్ధుడికి 752లో నేత్రోన్మీలనం చేసింది మన దేశం నుంచి వెళ్లిన బోధిసేనుడు. ఆయన చేతిలోని కుంచెకు కట్టిన దారాలను జనం పట్టుకున్నారట. ఆ కుంచె ఇప్పటికీ భద్రంగా ఉంది. విగ్రహాన్ని కప్పిన మందిరం 1180లోనూ 1567లోనూ కాలిపోయింది. ఇప్పుడున్నది 1709 నాటిది. 86 మీటర్లున్న వెడల్పు 57 మీటర్లకు తగ్గింది. అప్పటికి దేశంలో అంత లావు చెట్లు మిగలలేదు. లోపల స్తంభాలను దగ్గరగా చూడండి, అవి ఒక్క మాను కావు. నడిమి దిమ్మె చుట్టూ చెక్కలు చేర్చి ఇనప పట్టాలు బిగించారు. హోర్యూజీ చూసి వచ్చిన కంటికి ఆ పట్టాలు కొంచెం బాధ కలిగిస్తాయి. అయినా లేని కలపతో అంతటి మందిరాన్ని లేపిన వడ్రంగుల గుండె ధైర్యానికి దణ్ణం పెట్టాలనిపించింది. ముందున్న దక్షిణ మహాద్వారం 1199 నాటిది. దాని స్తంభాలు నేల నుంచి కప్పు దాకా ఏకాండీగా పోతాయి, అడ్డపట్టెలు వాటిని చీల్చుకుని సాగుతాయి. ద్వారానికి ఇరుపక్కలా నిలబడ్డ 8.4 మీటర్ల ద్వారపాలకులను 1203లో శిల్పులు ఉన్‌కేయ్, కైకేయ్ తమ బృందంతో 69 రోజుల్లో చెక్కారు. ఒక్కో విగ్రహం సుమారు 3,000 ముక్కల కూర్పు. ఇరవయ్యో శతాబ్దం చివర్లో వాటిని కూడా విప్పి, బాగుచేసి, మళ్లీ కూర్చారు.

ఒసాకా కోట పెద్ద ద్వారం దగ్గర ఇంకొక వింత ఉంది. పెద్దాయన పట్టుబట్టి పంపారు కాబట్టి చూశాను. ద్వారాన్ని ఆసరాగా పట్టుకున్న స్తంభాల్లో ఒకదానికి వేసిన నెత్సుగి అది. రెండు వైపుల నుంచి చూస్తే పైముక్క కింది ముక్కలో బిగుసుకున్న చేపతోక అతుకులా ఉంటుంది, మిగతా రెండు వైపుల నుంచి చూస్తే కొండ శిఖరంలా ఉంటుంది. పై నుంచి దించడానికి వీల్లేదు, పక్క నుంచి తోయడానికీ వీల్లేదు. అసలు ఎలా చేర్చారో ఎవరికీ అంతుపట్టలేదు. 1983లో ఎక్స్‌రే తీశాక తేలింది, ఒకదాని మీదికి ఒకటి ఏటవాలుగా జార్చి కలిపారని.

ఇదంతా వడ్రంగుల పని మాత్రమే కాదు. ఆలయాల కప్పుల మీద పరిచే హినోకి బెరడును బతికి ఉన్న చెట్ల నుంచే తీస్తారు. తాడు సాయంతో మానెక్కి, చెక్క గరిటెతో లోపలి పొర గాయపడకుండా ఒలుస్తారు. ఎనిమిది, పదేళ్లలో బెరడు మళ్లీ వస్తుంది. ఆ బెరడును వెదురు మేకులతో పొరలు పొరలుగా కొడుతూ పోతారు. కియోమిజు కప్పును 2020లో ఇలాగే కొత్తగా నేసి ముగించారు. వేదిక స్తంభాలు మార్చాల్సి వచ్చే కాలం కోసం ఆ ఆలయంవాళ్లు కెయాకి మొక్కలు కూడా నాటి పెంచుతున్నారు. చెక్క కట్టడాల పరిరక్షణకు పనికొచ్చే 17 నైపుణ్యాలను యునెస్కో 2020లో మానవాళి వారసత్వ జాబితాలో చేర్చింది. బెరడు కప్పు, మట్టి గోడ, లక్క పూత, చాప అల్లిక అన్నీ అందులో ఉన్నాయి. నేనున్న ఇంట్లో ఒక్క గదిలో కూర్చుంటే వీటిలో మూడు నాలుగింటిని చూడవచ్చు.

చదువుకో, ఉద్యోగానికో జపాన్ వెళ్తున్న తెలుగు పిల్లలు ఇప్పుడు చాలామందే ఉన్నారు. వాళ్లకు నాదొక విన్నపం. వీలైతే కొన్నాళ్లు ఏదైనా కుటుంబంతో కలిసి ఉండండి, అదీ పాత ఇల్లయితే మరీ మంచిది. తలుపులు మార్చే రోజున చెయ్యి వేయండి. ఇంట్లో పెద్దవాళ్లను కూర్చోబెట్టి ఇల్లు ఎలా కట్టారో అడగండి. ఆ తర్వాతే నారా వెళ్లండి. అంత సమయం లేనివాళ్లు కోబే నగరంలో తాకెనాకా వడ్రంగి పనిముట్ల మ్యూజియం చూడండి. షిన్-కోబే స్టేషన్ నుంచి నడిచి వెళ్లేంత దగ్గర. ఆలయాల్లో లోపల దాగి ఉండే అతుకులను అక్కడ విప్పి చూపిస్తారు, కొన్నిటిని మీ చేతులతో మీరే విప్పి కలపవచ్చు. సోమవారం సెలవు.