డ్రెస్డెన్‌కు రాళ్లు మిగిలాయి

డ్రెస్డెన్, లైప్‌జిగ్ జర్మనీలోని శాక్సనీ రాష్ట్ర నగరాలు. రెండూ తమ చారిత్రక చర్చిలను పోగొట్టుకున్నాయి. రెండు చోట్లా అదే స్థలంలో మళ్లీ కట్టడాలు లేచాయి. వాటిని పక్కపక్కన పెట్టి చూస్తే, చర్చి ఎలా పోయిందన్న దాన్ని బట్టే అది ఎలా తిరిగొస్తుందన్నదీ ఉంటుందని తెలుస్తుంది.

డ్రెస్డెన్‌లోని ఫ్రావెన్‌కిర్షె చర్చి 1743లో పూర్తయింది. 1945 ఫిబ్రవరి 13, 14 తేదీల బాంబుదాడుల మంటలకు లోపలి స్తంభాలు బలహీనపడి, 15 ఉదయం రాతి గుమ్మటం కుప్పకూలింది. ఆ రాళ్లగుట్ట దాదాపు అర్ధశతాబ్దం నగరం నడిబొడ్డునే ఉండిపోయింది. 1982 నుంచి ఫిబ్రవరి 13న జనం అక్కడికి చేరి కొవ్వొత్తులు వెలిగించేవారు.

లైప్‌జిగ్ విశ్వవిద్యాలయ చర్చి పౌలినర్‌కిర్షె అంతకంటే చాలా పాతది. 1240లో ప్రతిష్ఠించిన ఆ చర్చిని 1545లో మార్టిన్ లూథర్ ప్రొటెస్టెంట్ ఆరాధనకు అంకితం చేశాడు. రెండో ప్రపంచయుద్ధాన్ని అది పెద్దగా దెబ్బతినకుండానే గట్టెక్కింది. శాంతికాలంలో సొంత ప్రభుత్వం చేతిలో మాత్రం బతికి బట్టకట్టలేకపోయింది. కొత్త ప్రాంగణం కోసం తూర్పు జర్మనీ పాలకులు 1968 మే 30న దాన్ని పేల్చేశారు. నగర మండలిలో వ్యతిరేకంగా పడింది ఒక్క ఓటు. స్మారక ఫలకాలను తీసి దాచడానికి దొరికింది కొద్ది రోజులే. శిథిలాలను ఊరి చివర ఇసుక గోతిలో పోశారు. మూడు వారాలకు, బాఖ్ సంగీత పోటీ ముగింపు సభలో అలారం గడియారంతో అమర్చిన బ్యానర్ ఒకటి దానంతటదే విప్పుకుంది. చర్చిని మళ్లీ కట్టాలన్నది అందులోని డిమాండ్.

డ్రెస్డెన్‌లో శిథిలాలు మిగిలాయి, లైప్‌జిగ్‌లో మిగల్లేదు. ఆ తేడా కొత్త కట్టడాల్లో కళ్లకు కడుతుంది. 2005లో ప్రతిష్ఠించిన ఫ్రావెన్‌కిర్షె గోడల్లో మూడున్నర వేలకు పైగా పాత రాళ్లున్నాయి. లేత రంగు కొత్త రాళ్ల మధ్య నల్లబడ్డ పాత రాయి ఎక్కడుందో చెప్పనక్కర్లేకుండానే కనిపిస్తుంది. అందుకే దాన్ని నకలు అనలేం. జరిగిన విధ్వంసాన్ని ఆ గోడ దాచలేదు.

లైప్‌జిగ్‌కు ఆ అవకాశం లేదు. వాస్తుశిల్పి ఎరిక్ వాన్ ఎగెరాట్ రూపకల్పనలో అదే స్థలంలో 2017లో తెరుచుకున్న పౌలినుమ్ భవనం పాత చర్చిని గుర్తుచేస్తుందే తప్ప దాన్ని తిరిగి తేదు. లోపల గాజు తొడిగిన కొన్ని స్తంభాలు నేలను తాకకుండానే ఆగిపోతాయి. లేనిదాన్ని లేదని ఒప్పుకునే ఆ నిజాయితీ నాకు నచ్చింది. ఆరాధన స్థలాన్ని సభామందిరం నుంచి వేరుచేసే పారదర్శక గోడ మాత్రం నచ్చలేదు. కూల్చివేతతో తెగిన బంధాన్ని అది మరోసారి తెంచినట్టే ఉంది.

పాత నగరంలో చర్చి కూలినప్పుడు తిరిగి కట్టాలా వద్దా అన్నది తర్వాతి తరం తేల్చుకోవచ్చు. ముందు కాపాడాల్సింది రాళ్లను. వాటిని ఎత్తి పారబోస్తే, రాబోయేవాళ్ల నిర్ణయాన్ని కూడా మనమే తీసేసుకున్నట్టు.