నోటిపూతకు పైపూతలు

అనంతపురం పీఠభూమి పల్లెలలో నోరు పొక్కినచో "వేడి చేసినది" అందురు. కొందరు వెన్న రాయుదురు, కొందరు తేనె. మరికొందరు పటిక నూరి అద్దుదురు. పట్టణవాసి దుకాణమునకు పోయి గొట్టములో దొరకు లేపనమును కొనును. వారము గడచును, పుండు మానును. తన మందే గెలిచినదని ఎవరికి వారే నమ్ముదురు.

ఈ నమ్మకమునే పరీక్షింపవలసియున్నది. మాటిమాటికి వచ్చు నోటిపూతలో అధికభాగము 10 మిల్లీమీటర్లకు లోబడిన చిన్న పుండ్లే. ఇవి ఏ మందు లేకున్నను 7 మొదలు 14 దినములలో మానిపోవును. తనంతట మాను పుండుపై ఏది పూసినను అదే మాన్పినట్లు తోచును. కావున పూసినవారిని పూయనివారితో పోల్చి చూచినగాని మందు గుణము తేలదు.

అట్టి పోలికలో నిలిచినవి కొన్ని కలవు. ట్రయామ్సినొలోన్ 0.1 శాతము గల లేపనము వాపును, నొప్పిని తగ్గించును. వైద్యుని సలహాపై, మంట మొదలైన నాడే రాసిన మేలు. క్లోర్‌హెక్సిడిన్‌తో పుక్కిలించిన బాధ కొంత తగ్గును గాని పండ్లకు గోధుమరంగు పట్టును. బెంజోకైన్ కొద్దిసేపు తిమ్మిరి కలిగించుటయే. రెండేండ్ల లోపు పిల్లలకు అది ప్రమాదకరము. బోరాక్సు కలిపిన తేనె పసిపిల్లల పాలిట విషము. ఆస్పిరిన్ బిళ్లను పుండుపై అదిమినచో నోటి లోపొర కాలి తెల్లబారును.

ఇవి పుండునకు పూసినవేగాని, పుండు మరల రాకుండ ఆపునవి కావు. కారణము ఒక్కొక్కప్పుడు లోపల నుండును. భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు సోదరులిద్దరు స్ప్రూ వ్యాధికి బలియైరి. నోరు పుండగుట, నాలుక మండుట ఆ వ్యాధి లక్షణములు. అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో ఆయన బృందము 1945లో ఫోలికామ్లమును కృత్రిమముగా తయారుచేసెను. దానిని పుండుపై పూయలేదు, దేహమునకు అందించిరి. నోరు బాగుపడెను.

ఇనుము, ఫోలికామ్లము, బి12 కొరతలు నోటిపూతకు తోడగుట కలదు. బి12 పైరులలో దొరకదు. పాలు, గ్రుడ్లు, మాంసము దానికి ఆధారము. వాన తప్పిన ఏట మేత లేక పశువులను సంతకు తోలిన రైతు ఇంట పాలే కరవు. సంగటి, శెనక్కాయల ఊరిబిండి కడుపు నింపునుగాని ఆ లోటు తీర్చవు. ప్రతి నోటిపూతకు ఇదే కారణమనరాదు; మనోవ్యథ, పంటిగాటు, వంశపారంపర్యము కూడ కలవు. కాని మరల మరల నోరు పొక్కు విద్యార్థికి కావలసినది మరియొక గొట్టము కాదు, రక్తపరీక్ష.

మూడు వారములకును మానని పుండు విషయమున ఏ పైపూతయు తగదు. పొగాకు నమలువారిలో అది క్యాన్సరు కావచ్చును. అప్పుడు పూతతో గడపిన ప్రతి దినమును రోగికి నష్టమే.